కోరలు తీసిన రాక్షసుడు

నూకరాజుకి సిగ్గు ఎక్కువ అంటే తక్కువ చెప్పినట్టే. బస్సులో తన స్టాపు వస్తే "ఆపండి" అని కేక వెయ్యలేక, ఇంకెవరైనా దిగేదాకా కూర్చుని, అక్కడినుంచి వెనక్కి నడిచొచ్చే మనిషి. విశాఖపట్నంలో పళ్ళ సెట్లు తయారుచేసే ఒక చిన్న ల్యాబులో అతని ఉద్యోగం. డాక్టర్లు ప్లాస్టర్ అచ్చులు పంపిస్తారు, ఇతను వాటికి సరిపోయే పళ్ళు చేసి పంపిస్తాడు. ఊళ్ళో ముసలివాళ్ళు సగంమంది అతను చేసిన పళ్ళతోనే నవ్వుతున్నారుగానీ వాళ్ళలో ఒక్కరి మొహమూ అతనికి తెలీదు. ఆ ఉద్యోగం అతనికి నచ్చిందే అందుకు.

దేవుడు వెతికి వెతికి అతనికి హైమను జోడీ చేశాడు. పెళ్ళిచూపుల్లో ఇద్దరూ తలెత్తితే ఒట్టు. ఇంటికొచ్చాక "పిల్ల ఎలా ఉందిరా?" అని తల్లి అడిగితే, "ఎడమకాలి చిటికెనవేలి మీద పుట్టుమచ్చ ఉందమ్మా" అన్నాడు. అంతకుమించి అతను చూసింది లేదు. వీడికి ఇంతకన్నా తగిన పిల్ల దొరకదని ఆవిడ వెంటనే ముహూర్తం పెట్టించేసింది.

పెళ్ళయ్యాకా అదే వరస. ఏ విందుకెళ్ళినా చివరి బంతిలో చివరి రెండు కుర్చీలు వీళ్ళవి. నూకరాజు పొరపాటున నలుగురిలో కాస్త గట్టిగా నవ్వాడా, హైమ అతని చొక్కాచెయ్యి పట్టి లాగి, "ఏవండీ, అందరూ చూస్తున్నారు" అనేది. అనేసరికే ఆమె చెవులు ఎర్రబడిపోయేవి. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో! విన్నన్నాళ్ళూ దాని విలువ తెలియలేదు పాపం.

ఇంత సిగ్గరి హైమ, మెదడు మీద పరిశోధన చేసే ఒక సంస్థలో శాస్త్రవేత్త. పనిచేసేది సిగ్గు మీదే. పన్ను నొప్పి పెట్టినవాడికే కదా పంటి గురించి ఆలోచన! జవాబు తెలిసీ క్లాసులో చెయ్యెత్తలేని పిల్లలు, ఇంటర్వ్యూ గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చేసే కుర్రాళ్ళు, వీళ్ళ కోసం ఆమె ఏళ్ళ తరబడి కష్టపడి ఒక బిళ్ళ తయారుచేసింది. బొట్టుబిళ్ళంత ఉంటుంది. చెవి వెనక అంటించుకోవాలి. దానికి 'రెప్ప' అని పేరు పెట్టింది.

"మన తలలో ఒక కన్నుంటుందండీ" అని ఓ సాయంత్రం బెండకాయలు తరుగుతూ భర్తకి చెప్పింది. "నలుగురూ మనల్ని ఎలా చూస్తున్నారో అని అస్తమానం కనిపెట్టుకుని ఉంటుంది. ఈ రెప్ప దాన్ని కాసేపు మూస్తుంది. బిళ్ళ తీసేస్తే మళ్ళీ తెరుచుకుంటుంది."

"మనకి రెండు కావాలి" అన్నాడు నూకరాజు. ఇద్దరూ నవ్వుకున్నారు.

పరీక్షకి భీమిలి దారిలోని సరుగుడు తోటను ఎంచుకున్నారు. అక్కడ ఝాన్సీ అనే అమ్మాయి కొంతమందిని పోగేసి లార్ప్ అనే ఆట ఆడిస్తుంటుంది. నాటకంలాంటిదేగానీ స్టేజీ ఉండదు, ముందే రాసిపెట్టుకున్న మాటలుండవు, చూడ్డానికి వేరే జనమూ ఉండరు. పొద్దున్నే వేషం కట్టి తోటలోకి దిగితే, సాయంత్రం దాకా ఆ వేషమే నువ్వు. రాజువైతే రాజులా తినాలి, దొంగవైతే దొంగలా నక్కాలి. రెప్ప పెట్టుకున్న పిరికి పిల్లలు అక్కడ సింహాల్లా గర్జించారు. బిళ్ళ తీసేశాక మామూలైపోయి, అబ్బ, మేమేనా అనుకుంటూ ఇళ్ళకి పోయారు. సంస్థలో మిఠాయిలు పంచారు.

కానీ రోజుల తరబడి పెట్టుకుంటే ఏమవుతుందో ఇంకా తేలలేదు. ఆ పరీక్ష పరాయి పిల్లల మీద చెయ్యడానికి హైమకు మనసొప్పలేదు. తనే పెట్టుకుంది. నెల తరవాత బిళ్ళ తీసేసింది. లోపలి కన్ను మాత్రం తెరుచుకోలేదు.

మొదట్లో నూకరాజు సంబరపడ్డాడు కూడా. హైమ కూరలబండివాడితో బేరమాడుతోంది, ఆటోవాడిని గదమాయిస్తోంది, బాల్కనీలో నిలబడి పాటలు పాడుతోంది! ఝాన్సీ ఆటలో చేరి రాణి వేషం కూడా సంపాదించింది. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఎదురింటి సన్నమ్మత్త గిన్నెడు పనసపొట్టు కూర తెచ్చిస్తే, హైమ ఆవిడ ముందే రుచిచూసి, "ఉప్పు కషాయం. మీకు వంట రాదు" అంది.

"ఓలమ్మా, ఏటమ్మా అలగంటావు? నీ నోట్నించి ఇలాటి మాటెప్పుడూ ఇన్లేదే!" అని ఆవిడ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. హైమలో కోపమూ లేదు, కసీ లేదు. అవతలి మనిషి మొహం చిన్నబోవడం ఆమెదాకా చేరలేదంతే.

ఒక ఆదివారం పొద్దున ఆమె అద్దం ముందు జడ వేసుకుంటుంటే నూకరాజు గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇదివరకైతే వెనక్కి తిరక్కుండానే "ఏంటండీ ఆ చూపు" అని మెడ వంచుకునేది. ఇప్పుడు దువ్వెన ఆగలేదు.

"హైమా, నేను చూస్తున్నాను" అన్నాడు.

"చూడండి. దానికేం?" అంది.

అతను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

సంస్థ పెద్ద డాక్టర్ జమీలా దాపరికం లేకుండా చెప్పేసింది. "వాడని కన్ను మెల్లిగా ఎండిపోతుంది, రాజు గారూ. దీపావళి దాటితే ఇక మా చేతుల్లో ఉండదు." హైమ పక్కనే కూర్చుని ఎవరి సంగతో విన్నట్టు విన్నది. బయటికొచ్చాక భర్తతో అంది: "నాకేం బాధగా లేదండీ. బాధ లేకపోవడమే రోగమని చదువుకున్నదాన్ని కాబట్టి తెలుసు. నన్ను మళ్ళీ మామూలు చెయ్యండని అడగాలని కూడా నాకు అనిపించట్లేదు. నా తరఫున మీరే అడగండి."

అడగడానికి అతనికి నోరెక్కడిది? అయినా రోజూ మధ్యాహ్నం భోజనం క్యారేజీ పట్టుకుని సంస్థకు వెళ్ళేవాడు. అలా వెళ్ళిన ఒకరోజు, హైమ తలకి సన్నని పట్టీ కట్టుకుని తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద ఆమె లోపలి కన్ను కదలికను చూపించే గీత ఇసుమంత కూడా వణక్కుండా తిన్నగా పోతోంది. గదినిండా జనం. నూకరాజు గోడ వారగా వస్తూ వైరు తట్టుకున్నాడు. క్యారేజీ ఎగిరింది. సాంబారంతా జమీలా గారి తెల్లకోటు మీద పడింది.

అందరూ అతని వైపు తిరిగారు. అతని మొహం కందగడ్డైపోయింది. "సారీ మేడం... అంటే... సాంబారు... హైమకి..." అని ఏదో గొణిగాడు. చేతిరుమాలుతో కోటు తుడవబోయి, అది పరాయి ఆడమనిషి కోటని గుర్తొచ్చి, ఆ రుమాలుతో తన మొహమే తుడుచుకున్నాడు.

"యా అల్లా!" అంది జమీలా. ఆమె కోటును చూసుకోవట్లేదు, తెరను చూస్తోంది. గీత వణికింది. "రాజు గారూ, ఇంకోసారి ఒలకబొయ్యండి!"

మజ్జిగ ఒలకబోశాడు. గీత కదలలేదు. కావాలని చేసినదానికి సిగ్గెక్కడిది? జమీలాకి అప్పుడు అర్థమైంది. ఎదుటివాడు ఆవలిస్తే మనకీ ఆవలింత వస్తుంది చూడండి, సిగ్గూ అంతే. మనవాడనుకున్న మనిషి నలుగురిలో తలవంపులు పడితే మన చెవులు కూడా వేడెక్కుతాయి. హైమ లోపలి కన్ను ఆ వేడికి మాత్రం ఇంకా కదులుతోంది.

"నటులు పనికిరారు, గుండె ధైర్యం ఉన్నవాళ్ళు అసలే పనికిరారు" అంది జమీలా. "ఆమెకి బాగా దగ్గరవాడు, నిజంగా సిగ్గుతో చచ్చిపోయేవాడు కావాలి. అది ఒకటి రెండు నిమిషాలు చాలదు, రోజంతా కావాలి."

గదిలో అందరూ మళ్ళీ నూకరాజు వైపు తిరిగారు. గీత మళ్ళీ వణికింది.

ఇలా వచ్చింది అతనికి రాక్షస వేషం. ఝాన్సీ అతన్ని ఎగాదిగా చూసి, "అంకుల్, ఈసారి కథ ఉప్పుకోట. ఆంటీ ఉప్పుకోట రాణి. మీరు కోటమీదికొచ్చే రాక్షసరాజు. గట్టిగా అరవాలి, మధ్యాహ్నం యుద్ధం చెయ్యాలి, సాయంత్రం రాణి ముందు మీకు తోచింది మాట్లాడాలి" అంది.

"ఏ మొక్క వేషమో లేదా అమ్మా?" అన్నాడు నూకరాజు.

"లేదు" అంది ఝాన్సీ.

ఆ వారమంతా అతనికి ముద్ద దిగలేదు. పనిచేసే చోట ఎవరూ లేనప్పుడు "హా" అని మెల్లిగా అరిచి చూసుకుంటే పక్కగదిలోంచి "ఎవరికైనా బాగోలేదా?" అన్నారు. చివరికి తనకి చేతనైన పని చేసుకున్నాడు. సొంత పళ్ళకి అచ్చు తీసుకుని, మైనం పోసి, చెక్కి, మెరుగుపెట్టి ఒక జత కోరలు తయారుచేశాడు. పై కోరలు గడ్డం దాకా వంపు తిరిగి, మొదళ్ళ దగ్గర గారపట్టి, చిగుళ్ళతో సహా అచ్చం నిజమనిపించేట్టు కుదిరాయి. ఇన్నేళ్ళ పనితనమంతా అందులో పోశాడు. అక్కడే పొరపాటు చేశాడని అతనికి అప్పుడు తెలియదు.

ఆట రోజు వచ్చింది. తోట చుట్టూ పసుపు రాసిన తాడు కట్టారు. తాడు దాటితే అసలు పేర్లు పిలవకూడదు, అసలు సంగతులు మాట్లాడకూడదు. వేషం లేనివాళ్ళకి ప్రవేశం లేదని ఝాన్సీ పట్టుబడితే, డాక్టర్ జమీలా అంతటి మనిషీ ఎర్రచీర కట్టి, చేతిలో చేటతో సోదెమ్మ వేషం వేసింది. హైమ కిరీటం కింది పట్టీలోంచి వచ్చే గీత కనిపించే పలకలాంటి చిన్న తెర ఆ చేటలో బియ్యం కింద ఉంది. గీత పడుకుంటే "శకునం బాలేదు" అనాలని, లేస్తే "శకునం మంచిదే" అనాలని అనుకున్నారు.

నూకరాజు నల్లకంబళీ కప్పుకుని తాడు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. కోరలు జేబులో ఉన్నాయి. యుద్ధానికి ముందు పెట్టుకుందామనుకున్నాడు. లోపల ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు అట్టకత్తులతో కొట్టుకుంటున్నారు, ఒక లెక్చరరు మేకలా అరుస్తోంది. వీళ్ళకి సిగ్గూ శరమూ లేవా అనుకున్నాడు. దూరంగా కాగితపు కిరీటం పెట్టుకుని హైమ కనిపించింది. బెదురు లేదు, బిడియం లేదు, పక్కన ఎవరున్నారో పట్టింపు లేదు. ఆమెకు కూడా సిగ్గూ శరమూ లేవు. ఆ మాట తన తలలోనే తిరగబడి గుచ్చుకునేసరికి, కళ్ళు మూసుకుని తాడు దాటేశాడు.

దాటగానే కంబళీ కాలికి అడ్డంపడి బోర్లా పడ్డాడు.

"రాక్షసరాజు వేంచేశారహో!" అని ఎవరో అరిచారు. లేచి, దుమ్ము దులుపుకుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి "న-న-నమస్కారమండీ, నేను రాక్షసుణ్ణి" అన్నాడు. ఇసుకబస్తాలు పేర్చి కట్టిన కోట మీదున్నవాళ్ళు విరగబడి నవ్వారు. నూకరాజుకి తల కొట్టేసినట్టయింది. హైమ మాత్రం నవ్వలేదు. అతని వైపు ఓసారి చూసి, మొహం తిప్పుకుని, మళ్ళీ చూసింది. కనుబొమల మధ్య చిన్న ముడి.

"శకునం మంచిదే!" అని సోదెమ్మ చేట ఎగరేసింది. బియ్యం కూడా ఎగిరాయి.

పొద్దుటిపూటంతా అలాగే గడిచింది. మాట తప్పడం, దారి తప్పడం, సొంత సైన్యాన్నే "ఎక్స్‌క్యూజ్ మీ" అని పిలవడం. ప్రతిసారీ చెవులు మండిపోయాయి. ప్రతిసారీ శకునం మంచిదే.

మధ్యాహ్నం యుద్ధానికి ముందు కోరలు పెట్టుకున్నాడు. అవి దవడకి అతుక్కుపోయాయి. తడబాటు లేదు, కదలడం లేదు. నీళ్ళ బకెట్లో మొహం చూసుకుంటే అందులో నూకరాజు లేడు! ఎవడో భయంకరుడు చూస్తున్నాడు. వాడు నోరు తెరిచి "హా!" అన్నాడు. సరుగుడు చెట్ల మీది కాకులన్నీ లేచిపోయాయి.

ఇక చూడాలి అతని వీరంగం! కంబళీ గిరగిరా తిప్పుతూ కోట మీద పడ్డాడు. "ఉప్పు తిన్న వాళ్ళారా, కారం చూపిస్తా రండి!" అన్నాడు. ఆ మాట ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అతనికే తెలీదు. బ్యాంకు ఉద్యోగులు నిజంగానే పరిగెత్తారు. ఝాన్సీ నియమం మరిచిపోయి "సూపర్ అంకుల్!" అని ఈల వేసింది. నలభై ఒక్కేళ్ళ జీవితంలో మొదటిసారి నలుగురి కళ్ళూ తన మీద ఉన్నా ఒంట్లో ఏ బరువూ లేదు. అబ్బ, ఎంత హాయి! ఏ రెప్పా లేకుండానే!

"శకునం బాలేదు" అని వినిపించింది. విననట్టే ఊరుకున్నాడు.

"శకునం బాలేదు రాజా! అస్సలు బాలేదు!" ఈసారి సోదెమ్మ గొంతు బొంగురుపోయింది.

నూకరాజు ఆగి కోట వైపు చూశాడు. ఇసుకబస్తాల మీద హైమ కూర్చుని ఉంది. దారిన పోయే ఊరేగింపును చూసినట్టు అతన్ని చూస్తోంది. పొద్దున్న కనిపించిన ఆ చిన్న ముడి పోయింది. జమీలా చేట తడిమి పలకను కొంచెం ఇటు తిప్పింది. గీత తిన్నగా ఉంది.

కోరలు తియ్యాలి. తీస్తే ఈ హాయి పోతుంది. నూకరాజు మళ్ళీ నూకరాజైపోతాడు, ఇంతమంది మధ్యలో, ఇంత గర్జించాక! పెట్టుకునుంటే ఏం పోయె అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అప్పుడు అద్దం ముందు ఆగని దువ్వెన గుర్తొచ్చింది.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుండగా రాక్షసరాజును రాణి ముందుకి తెచ్చారు. అందరూ చుట్టూ మూగారు. ఇంతసేపూ ఇరగదీసినవాడు ఇప్పుడేం గర్జిస్తాడో అని చెవులు రిక్కించారు.

నూకరాజు నోట్లో వేళ్ళు పెట్టి కోరలు ఊడబీకాడు. "ప్లక్" మని చప్పుడైంది. చొంగ కారింది. కోరలు కంబళీ మీద పెట్టి, ఉత్త మొహంతో నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో ఒక్క ముక్కా తోచలేదు. మాటలు రానప్పుడు పాట వస్తుందేమోనని, స్నానాలగదిలో తప్ప ఎన్నడూ పాడని మనిషి, వణుకుతున్న గొంతుతో అందుకున్నాడు.

"ఉప్పుకోట రాణమ్మా, ఓసారిటు చూడవే,
కోరలూడిన రాచ్చసుణ్ణి కోకచెంగున కట్టవే..."

శ్రుతి ఒక దారి, గొంతు ఒక దారి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నూకరాజు ఒంట్లో రక్తమంతా మొహంలోకొచ్చేసింది. పారిపోదామనిపించింది. కాళ్ళు ఇసుకలో బిగబట్టుకుని, నేలచూపులు చూస్తూనే పాడాడు. నేల మీద అతనికి కనిపించింది రాణిగారి పాదం.

"పెళ్ళిచూపుల నాటినించీ నేలచూపుల మనిషిని,
ఎడమకాలి సిటికెనేలి పుట్టుమచ్చెరుగుదును..."

ఆ పాదం చటుక్కున చీరకుచ్చిళ్ళలోకి దూరిపోయింది.

నూకరాజు పాట ఆగిపోయింది. తలెత్తాడు. హైమ తన కాలివైపే చూసుకుంటోంది. దాన్ని ఎవరు లాక్కున్నారో తెలియనట్టుంది ఆమె వాలకం. తరవాత చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. ఒక్కొక్క మొహమూ చూసింది, ఇంతమంది ఎప్పుడొచ్చారన్నట్టు. చెయ్యి కాగితపు కిరీటం మీదికి పోయి, దాన్ని తడిమి, గబుక్కున తీసేసి ఒళ్ళో దాచుకుంది. ఆమె చెవులు తమ్మెల దగ్గర మొదలుపెట్టి పైదాకా ఎర్రబడ్డాయి.

సోదెమ్మ నోట శకునం రాలేదు. చేట గుండెలకి హత్తుకుని ఆవిడ ఏడుస్తోంది.

హైమ ఇసుకబస్తాల మీంచి దిగొచ్చింది. తలొంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, నూకరాజు కంబళీ కింద చొక్కాచెయ్యి వెతికి పట్టుకుని లాగింది. తాడు లోపల అసలు పిలుపులు కూడదన్న నియమం ఆమెకు గుర్తులేదు. ఝాన్సీకి గుర్తుందిగానీ నోరెత్తలేదు.

"ఏవండీ" అంది హైమ, అతనికి మాత్రమే వినపడేంత మెల్లిగా. "అందరూ చూస్తున్నారు."

నూకరాజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం ఇంకా మండుతూనే ఉంది. సిగ్గు ఎక్కడికీ పోలేదు.

"చూడనీవే" అన్నాడు. అని, చొక్కాచెయ్యి ఆమె చేతిలోనే వదిలేసి, ఆగిపోయిన చోటునుంచి పాట మళ్ళీ ఎత్తుకున్నాడు.